మా నగరి మీదుగా పోయిన ఆల్బట్రాస్

తొంభైల్లో నగరి, పుత్తూరు, తిరుత్తణి పక్క పెరిగిన వాళ్ళకు ఒక చప్పుడు బాగా గుర్తుండాలి. మద్రాసు వైపు ఎత్తున పోయే ప్రయాణికుల విమానాల చప్పుడు వేరు, ఇది వేరు. ముందు ఛాతీలో ఒక గురగుర మొదలయ్యేది, ఆ తర్వాతే చెవికి అందేది. ఇంకాసేపటికి ముక్కు కొండ అవతల నుంచి నాలుగు ఇంజన్ల విమానం బయటపడేది. సన్నటి పొడుగాటి ఒళ్ళు, వెనక్కి వాలిన రెక్కలు, తోక పైన వెనక్కి పొడుచుకొచ్చిన ఒక కడ్డీ. అంత పెద్ద విమానం అంత కిందుగా పోతుంటే వీధిలో ఎక్కడి వాళ్ళం అక్కడ ఆగి తల పైకెత్తేవాళ్ళం.

మా అవ్వ వాళ్ళ ఊరు నగరి. మేముండేది తిరుపతిలో. సెలవులిచ్చారంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఏకాంబరకుప్పంలో దిగిపోయేవాళ్ళం. అదే రైల్లో కూర్చునే ఉంటే తిరుత్తణి, అది దాటితే అరక్కోణం. అరక్కోణంలో నౌకాదళం విమాన స్థావరం ఐఎన్ఎస్ రాజాళి 1992 మార్చిలో మొదలైంది. అంతకు ముందు గోవాలో ఉన్న టీయూ-142 విమానాలు అక్కడికి మారాయి. సోవియట్ యూనియన్ నుంచి మన వాళ్ళు తెచ్చుకున్నవి మొత్తం 8. నౌకాదళంలో వాటిని ఆల్బట్రాస్ అనేవాళ్ళు, అదొక సముద్రపు పక్షి పేరు. సముద్రంలో దాక్కున్న సబ్‌మెరైన్లను వెతకడం వాటి పని. నగరికి సముద్రం లేదు. అయినా సముద్రానికి కాపలా కాసే విమానాలు మా మిద్దెల మీదుగా డ్యూటీకి పోయి, మళ్ళీ మా మిద్దెల మీదుగానే ఇల్లు చేరుకునేవి. ఈ సంగతులేవీ అప్పుడు మాకు తెలియవు.

నగరంటే మరమగ్గాలు. మా మామకు ఇంటి వెనక రేకుల షెడ్డులో పవర్‌లూమ్‌లు ఉండేవి. అవి ఆడుతుంటే పక్క మనిషికి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. కరెంటు పోతే తప్ప ఆ షెడ్డులోకి బయటి చప్పుడు రాదు. అలాంటిది ఆ విమానం వస్తే మగ్గాల మోతలో ఉన్నా మామకు తెలిసిపోయేది. పైన రేకులు అదిరేవి. వంటింటి గూట్లో అవ్వ బోర్లించి పెట్టిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి టిక్కుటిక్కుమనేవి. పోగు తెగితే చూసుకోమని పక్క మగ్గం ఆయనకు సైగ చేసి, భుజాల మీద నూలు నూగుతోనే మామ బయటికి ఉరికేవాడు.

“వచ్చినాడు రా అల్లుడా, వచ్చినాడు! పంకాలు చూడు. ఒక్కో ఇంజనుకు రెండేసి ఉండాయి. ముందుది ఒక పక్కకు తిరిగితే వెనకది ఇంకో పక్కకు తిరుగుతాదంట.”

“ఎందుకు మామా అట్లా?”

“అదే నాకూ అర్థం కాలేదు. అరక్కోణంలో పనికి పొయ్యే ఆయన చెప్పినాడు. ఎందుకని అడిగితే ఆయనకీ తెలీదంట.”

అవ్వ వాకిట్లోకి వచ్చి విమానానికి దండం పెట్టేది. “అంత బరువును పైన మోస్తా ఉండారే, సామీ, ఆ బిడ్డలు చల్లగా ఇల్లు చేరల్ల” అనేది.

అంత బరువు పైన ఎట్లా నిలబడుతుంది? ఒక ఇంజనుకు రెండు పంకాలు ఎందుకు? ఈ రెండు ప్రశ్నలు చిన్నప్పుడు నన్ను పట్టుకున్నాయి. మొదటి దానికి జవాబు రేణిగుంట రోడ్డు మీద దొరికింది. రెండోదానికి విశాఖపట్నం దాకా పోవాల్సి వచ్చింది.

తిరుపతిలో ఉంటే విమానం చూడ్డానికి రేణిగుంట పోవాలి. ఇప్పుడున్న పెద్ద టెర్మినల్ 2015లో వచ్చింది. అప్పటి విమానాశ్రయం చాలా చిన్నది, వచ్చిపోయే విమానాలూ తక్కువే. ఆదివారం పూట నాయన స్కూటర్ తీసేవాడు. ప్రహరీ బయట రోడ్డు పక్కన ఆపుకుని, విమానం దిగేదాకా, మళ్ళీ లేచేదాకా నిలబడేవాళ్ళం. మాలాగే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళు ఇంకా ఉండేవాళ్ళు. టికెట్ కొని ఎక్కే స్తోమత అక్కడ నిలబడ్డ ఎవరికీ లేదు. చక్రాలు నేల వదిలే క్షణంలో అందరి నోటా ఒకే రకం శబ్దం వచ్చేది, అది మాత్రం ఖాయం.

బళ్ళో సైన్సు అయ్యవారు బోర్డు మీద రెక్క బొమ్మ గీసి చెప్పిన పాఠం ఇది. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైనుంచి పోయే గాలికి దూరం ఎక్కువ. కిందుగా పోయే గాలిని వెనక అంచు దగ్గర సమయానికి కలుసుకోవాలి కాబట్టి పైది వేగంగా పోతుంది. అందుకే పైన పీడనం తగ్గి రెక్క లేస్తుంది. చాలామంది ఇదే చదువుకుని ఉంటారు. నాయన చదివింది పదో తరగతి. ఆయన ఆ స్కూటర్ మీద చెప్పిన పాఠం వేరే.

“చెయ్యి పక్కకు చాపు. బల్లపరుపుగా పెట్టు. ఇప్పుడు బొటనవేలు పక్క కొంచెం పైకెత్తు.”

ఎత్తాను. చెయ్యి దానంతట అదే పైకి పోయింది. ఇంకొంచెం ఎత్తితే ఇంకా పైకి. మరీ నిలువుగా తిప్పేసరికి లేవడం మానేసి వెనక్కి కొట్టుకుపోయింది.

“నువ్వు గాలిని కిందికి తోస్తా ఉండావు, గాలి నిన్ను పైకి తోస్తా ఉంది. అంతే కథ” అన్నాడు నాయన.

తర్వాత చదువుకున్నాక తెలిసింది, నాయన మాటలో న్యూటన్ మూడో సూత్రం మొత్తం ఉంది. రెక్క గాలిని కిందికి వంచుతుంది, ఆ గాలి రెక్కను పైకి నెడుతుంది. పైన పీడనం తక్కువ, కింద ఎక్కువ అన్న మాట కూడా నిజమే. గాలి పైభాగాన వేగంగా పోతుందన్నదీ నిజమే. అయితే రెండు పాయలూ వెనక అంచు దగ్గర ఒకేసారి కలుసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. పొగ వదిలి చూస్తే పైనుంచి పోయిన గాలి ముందే దాటిపోతుంది. రెక్క వంపు ఒక్కటే కారణమైతే బల్లపరుపు అట్ట రెక్కలతో చేసిన బొమ్మ గ్లైడర్ ఎగరకూడదు. విమానం తలకిందులుగా అసలు పోకూడదు. రెండూ ఎగురుతాయి. చెయ్యి నిలువుగా తిప్పినప్పుడు లేవడం మానేసిందే, దాన్ని పైలట్లు స్టాల్ అంటారు. గాలి రెక్క పైభాగాన్ని అంటుకుని పోవడం మానేస్తుంది, రెక్కకు పట్టు తప్పుతుంది. ఏ మ్యూజియానికి వెళ్ళినా నేను ముందు చూసేది వీళ్ళు రెక్క గురించి బోర్డు మీద ఏం రాశారన్నదే. పాత పాఠమే రాసి ఉంటే మనసు కలుక్కుమంటుంది. పిల్లలు అక్కడ చదివింది జీవితమంతా నమ్ముతారు.

1993లో అలిపిరి దారిలో రీజనల్ సైన్స్ సెంటర్ వచ్చింది. తిరుపతి పిల్లలకు అది గొప్ప వరం. వస్తువును చేత్తో పట్టుకుని తిప్పి, నొక్కి తెలుసుకోవచ్చన్న సంగతి మాకు అక్కడే తెలిసింది. అంతకు ముందు బళ్ళో ప్రయోగశాల అంటే తాళం వేసిన అద్దాల బీరువా. మన జిల్లాకు ఇంకో భాగ్యం కూడా ఉంది, చాలామందికి తెలియదు. చంద్రగిరి దాటి చిత్తూరు రోడ్డులో పోతే గాదంకి వస్తుంది. అక్కడి రాడార్ 1024 యాంటెన్నాలతో పైనున్న గాలి ఎటు కదులుతోందో, ఎంత వేగంగా కదులుతోందో కొలుస్తుంది. విమానానికి ఆధారమైన ఆ గాలినే రాత్రింబవళ్ళు గమనించే చోటు మనకు బస్సు దూరంలో ఉందన్నమాట.

డిగ్రీ రోజుల్లో స్నేహితులం కలిసి చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు మీదుగా బస్సులో బెంగళూరు పోయాం. మిగతావాళ్ళకు లాల్‌బాగ్ మీద ఆశ. నా పట్టుదల కొద్దీ అందరూ హాల్ మ్యూజియానికి వచ్చారు. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వాళ్ళు 2001లో పెట్టిన మ్యూజియం అది. ఆవరణలో చెట్ల మధ్య విమానాలు నిలబెట్టి ఉన్నాయి. అంతవరకు విమానాన్ని నేను అడుగుభాగం నుంచే చూశాను. పక్కన నిలబడి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా చూడడం అదే మొదలు. ముందు కళ్ళకు ఆనింది రివెట్లు. వరసలు వరసలుగా వేల రివెట్లు. ఒక్కోటీ ఎవరో ఒక మనిషి చేత్తో పట్టుకుని కొట్టినదే కదా అన్న ఆలోచన వచ్చి చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఆ రోజు మాకు అన్నీ చూపించిన పెద్దాయన ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరైన మనిషి. హెచ్‌టీ-2 దగ్గర ఆగి, “ఇది మనవాళ్ళు సొంతంగా గీసుకుని, సొంతంగా కట్టుకున్న విమానం” అన్నారు. వి.ఎం. ఘాటగే నాయకత్వంలో తయారై 1951 ఆగస్టులో మొదటిసారి ఎగిరింది. తర్వాత ఎన్నో ఏళ్ళు మన వైమానిక దళం కుర్రాళ్ళు ఎగరడం నేర్చుకుంది దాని మీదే. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళయినా కాని దేశం ఒక విమానాన్ని మొదటి గీత నుంచి తయారు చేసుకుంది. ఆ మాట విన్నప్పుడు నాకు గుండె నిండింది, ఇప్పటికీ నిండుతుంది.

మారుత్ అనే యుద్ధ విమానం దగ్గర ఆయన ఇంకా ఎక్కువసేపు నిలబెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి ఫోకెవుల్ఫ్ 190 యుద్ధ విమానం గీసిన కుర్ట్ టాంక్‌ని మన ప్రభుత్వం బెంగళూరుకు పిలిపించుకుంది. ధ్వనికి రెట్టింపు వేగంతో పోయే యుద్ధ విమానం కావాలన్నది కోరిక. 1959లో ముందు చెక్కతో నిజం సైజులో గ్లైడర్ చేసి, డకోటా విమానంతో ఆకాశంలోకి లాక్కుపోయి వదిలి చూశారు. 1961 జూన్ 17న అసలు విమానం ఎగిరింది. నడిపింది సురంజన్ దాస్. విమానం ఒళ్ళు రెక్కల దగ్గరకు వచ్చేసరికి సన్నబడి, మళ్ళీ వెడల్పవుతుంది. పెద్దాయన ఆ నడుము మీద అరచెయ్యి ఆనించి చూపించారు. ధ్వని వేగం దగ్గర పడేకొద్దీ గాలి అడ్డుపడే తీరు మారిపోతుందట. రెక్కలు మొదలయ్యే చోట ఒంటిని ఆ మేరకు తగ్గిస్తే ఆ అడ్డు బాగా తగ్గుతుందట. అంత తెలివిగా గీసిన ఒంటికి తగ్గ ఇంజన్ మాత్రం చివరిదాకా దొరకలేదు. ఉన్న ఆర్ఫియస్ ఇంజన్లతో అది అనుకున్న వేగం ఎప్పుడూ అందుకోలేకపోయింది. మరింత బలం రాబట్టాలని చేసిన ప్రయత్నాల్లోనే 1970 జనవరి 10న ఒక నమూనా విమానం కూలి సురంజన్ దాస్ చనిపోయారు. బెంగళూరులో ఆ ప్రాంతంలో ఆయన పేరుతో రోడ్డుంది. ట్రాఫిక్‌లో రోజూ ఆ బోర్డు కింద నుంచి పోయేవాళ్ళలో ఆయనెవరో తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారో.

మారుత్‌ని వైఫల్యం అని ఒక్క ముక్కలో కొట్టిపారేసే వాళ్ళంటే నాకు ఆ రోజు నుంచీ కోపం. 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు అవి బాగా పనిచేశాయి. 147 విమానాలు కట్టిన చేతులు ఆ తర్వాతి విమానాలకు పనికొచ్చాయి.

ఆయన చెప్పిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది లిబరేటర్ల కథ. యుద్ధం అయిపోయాక బ్రిటిష్ వాళ్ళు కాన్పూర్‌లో బీ-24 లిబరేటర్ బాంబర్లను వదిలేసి పోయారు. ఇంకెవరూ వాడుకోకుండా వాటిని కావాలనే పాడుచేసి మరీ పోయారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మనకు పెద్ద బాంబర్లు లేవు, కొనడానికి డబ్బూ లేదు. బెంగళూరు నుంచి హాల్ మనుషులు కాన్పూర్ పోయి, ఒకదాని విడిభాగాలు ఒకదానికి వేసి, ఎగరడానికి ఎంత కావాలో అంతే బాగుచేశారు. జంషెడ్ మున్షీ అనే టెస్ట్ పైలట్ వాటిని ఒక్కొక్కటిగా బెంగళూరుకు నడుపుకొచ్చాడు. బెంగళూరులో పూర్తిగా మరమ్మతు చేస్తే, అవి 1968 దాకా మన వైమానిక దళంలో పనిచేశాయి. ప్రపంచంలో మిగతా దేశాలు తమ లిబరేటర్లను ఎప్పుడో కరిగించేసుకున్నాయి. అందుకే తర్వాత బ్రిటన్, కెనడా, అమెరికా మ్యూజియాలకు లిబరేటర్ కావాల్సి వస్తే మన దగ్గర అడిగి తీసుకుపోయారు. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఒకటి మనకూ ఉంది. బ్రిటిష్ వాళ్ళు విరగ్గొట్టి పోయిన విమానాన్ని బాగుచేసి, ఇరవై ఏళ్ళు వాడుకుని, తిరిగి వాళ్ళ మ్యూజియానికే కానుకగా ఇచ్చిన దేశం మనది.

ఈ లిబరేటర్లకూ మా నగరి విమానానికీ బంధుత్వం ఉందని అప్పట్లో నాకు తెలియదు. సముద్రం మీద గస్తీ తిరిగే పని మొదట లిబరేటర్లదే. తర్వాత ఆ పని ఎయిర్ ఇండియా ప్రయాణికులను మోసి రిటైరైన సూపర్ కాన్స్టలేషన్లకు వచ్చింది. 1976లో అవి వైమానిక దళం నుంచి నౌకాదళానికి మారాయి. ఒకటి గోవాలో నౌకాదళ విమాన మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత ఐఎల్-38లు, 1988లో టీయూ-142లు, 2013 నుంచి పీ-8ఐలు. ఇప్పుడు నగరి మీదుగా పోతున్నవి ఈ పీ-8ఐలే. బోయింగ్ 737 ఆధారంగా చేసినవి. వాటికి అవ్వ గూట్లోని గ్లాసులు కదలవు.

2017 మార్చి 29న అరక్కోణంలో టీయూ-142లకు వీడ్కోలు చెప్పారు. 29 ఏళ్ళ సేవ, 30,000 గంటలు, ఒక్క ప్రమాదం లేదు. పేపర్లో ఆ వార్త చూసి మామకు ఫోన్ చేస్తే, అవతల నుంచి కాసేపు మాట రాలేదు. “మనోడు రిటైరైపోయినాడా” అన్నాడు చివరికి. అప్పటికి మామ కూడా మగ్గాలు అమ్మేశాడు. దండం పెట్టడానికి అవ్వ లేదు.

ఆ ఏప్రిల్‌లో ఒక విమానం విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాకు ఎగిరిపోయింది. దాన్ని భాగాలుగా విడదీసి బీచ్ రోడ్డుకు తరలించి మళ్ళీ బిగించారు. డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియంగా ప్రారంభించారు. వీలు చూసుకుని మామను, మా అమ్మాయిని వెంటబెట్టుకుని తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

దగ్గరికి పోయి చూస్తే దాని పొడవు 53 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 50 మీటర్లు. బోర్డు మీద అంకెలు చదివితే అర్థమయ్యే సైజు కాదు. మామ ఎవరి మాటా వినకుండా నేరుగా ఇంజన్ కిందికి పోయి నిలబడ్డాడు. తల పైకెత్తి ముందు పంకా రెక్కలు లెక్కపెట్టాడు, నాలుగు. వెనక పంకావి లెక్కపెట్టాడు, నాలుగు. ముందువి ఏ పక్కకు వంగి ఉన్నాయో, వెనకవి ఏ పక్కకు వంగి ఉన్నాయో చేత్తో గాల్లో గీసుకుంటూ చూసుకున్నాడు. “ఎదురెదురుగానే ఉండాయి రా. ఆయప్ప చెప్పింది నిజమే” అన్నాడు.

మా మాటలు విని ఒకాయన దగ్గరికి వచ్చారు. నౌకాదళంలో ఇవే విమానాల మీద టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారట, మనవడికి చూపించాలని వచ్చారు. మాట కలిస్తే తేలింది, ఇప్పుడు స్థిరపడింది పుత్తూరులో! బీచ్ రోడ్డులో మా జిల్లా మనిషి దొరికాక ఇంకేం కావాలి. మామ ముప్పై ఏళ్ళ నాటి ప్రశ్న ఆయన ముందు పెట్టాడు.

ఆయన చెప్పింది ఇది. ఈ ఎన్‌కే-12 ఇంజన్ ఒక్కోటి దాదాపు 15,000 హార్స్‌పవర్. అంత బలాన్ని ఒక్క పంకాతో గాలికి అందించాలంటే ఆ పంకా నేలకు తగిలేంత పెద్దదవ్వాలి. పైగా పంకా తిరిగినప్పుడు గాలిని వెనక్కి తోయడంతో పాటు గిర్రున తిప్పుతుంది కూడా. ఆ తిప్పడానికి పోయిన బలం వృథా. వెనక ఇంకో పంకాను ఎదురు దిక్కులో తిప్పితే, అది ఆ సుడిని సరిచేసి ఆ వృథాను కూడా ముందుకు తోసే బలంగా మార్చుకుంటుంది. విమానం ఒక పక్కకు లాగడమూ తగ్గుతుంది. అందుకే పంకాలున్న విమానమైనా గంటకు 900 కిలోమీటర్లు దాటి పోగలిగింది. మరి ఆ మోత? రెక్కల కొసలు ధ్వని వేగాన్ని దాటేంత వడిగా తిరుగుతాయి, పైగా ముందు పంకా వదిలిన గాలిని వెనక పంకా కోస్తూ పోతుంది. గూట్లో గ్లాసులు కదిలింది అందుకు.

మామ అంతా విని, “షెడ్డులో ఉండి విన్నాను సార్, మగ్గాలాడతా ఉంటే విన్నాను” అన్నాడు. ఆయన మామ చెయ్యి పట్టుకున్నారు.

తర్వాత లోపలంతా ఆయనే తిప్పి చూపించారు. ఇరుకైన దారి, గోడల నిండా మీటర్లు, స్విచ్‌లు. పది గంటలకు పైగా ఈ ఇరుకులో కూర్చుని సముద్రం మీద తిరిగేవాళ్ళని చెబితే మా అమ్మాయి తన తలకు పైకప్పు ఎంత దూరంలో ఉందో చూసుకుంది. సోనోబాయ్‌ల దగ్గర దానికి అసలు సంగతి బోధపడింది. విమానం నుంచి వీటిని సముద్రంలోకి జారవిడుస్తారు. పైభాగం నీళ్ళ మీద తేలుతుంది. కింద నుంచి తీగ మీద ఒక మైకు లోతుకు దిగుతుంది. సబ్‌మెరైన్ చప్పుడు అది వింటుంది, పైనున్న యాంటెన్నా ఆ చప్పుడును రేడియోలో విమానానికి పంపుతుంది. చిన్నప్పుడు మేం చూసిన తోక కడ్డీ కూడా అందుకే: నీళ్ళ కింద అంత ఇనుము ఉంటే భూమి అయస్కాంత బలంలో వచ్చే చిన్న తేడాను అది పసిగడుతుంది. విమానంలోని ఇనుము, కరెంటు తీగలు దాన్ని తికమక పెట్టకుండా ఒంటికి దూరంగా తోక కొసన పెట్టారు.

రోడ్డుకు అవతల పక్క కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 2002 నుంచి మ్యూజియం. వెతికే విమానం ఇటు, వెతికించుకునే సబ్‌మెరైన్ అటు. రెండింట్లోకీ వెళ్ళి చూసే వీలు. ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది! ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ వాళ్ళకు నా నమస్కారం.

ఇవన్నీ ఇలా మిగలాలని రాసిపెట్టి లేదు. మన మొదటి విమాన వాహక నౌక విక్రాంత్ సంగతి తలుచుకుంటే తెలుస్తుంది. 1971లో దాని మీద నుంచి లేచిన సీ హాక్, అలీజే విమానాలు తూర్పు తీరాన యుద్ధం చేశాయి. 1997లో సేవ ముగిశాక ముంబైలో కొన్నేళ్ళు మ్యూజియంగా ఉంది, 2012లో మూతపడింది, 2014లో తుక్కుకు అమ్ముడుపోయింది. అలాంటి నౌకను నిలబెట్టడానికి చాలా ఖర్చవుతుంది, నిజమే. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

విమానాన్ని నిలబెట్టి పెట్టడం కూడా పెద్ద పనే. పుత్తూరాయన చెబుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. అల్యూమినియానికి ఇనుములా ఎర్ర తుప్పు రాదు, తెల్లటి పొడి రాలుతూ లోలోపల పొరలు విడిపోతాయి. సముద్రపు ఉప్పు గాలికి ఇంకా త్వరగా. విమానం ఒంట్లో వాన నీళ్ళు బయటికి పోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఎగిరే రోజుల్లో వాటిని ఎప్పుడూ చూసుకుంటారు; నిలబెట్టేశాక ఆకులు, పిట్ట గూళ్ళు పడి మూసుకుపోతాయి, నీళ్ళు లోపలే నిలుస్తాయి. ఏళ్ళ తరబడి ఒకే చోట బరువు మోస్తే టైర్లు చప్పిడవుతాయి, అందుకే స్టాండ్ల మీద ఎత్తి పెట్టాలి. ఎండకు కాక్‌పిట్ అద్దాలు పసుపు తిరిగి పగుళ్ళు బారతాయి. పైపైన రంగు కొడితే విమానం కొత్తగా కనిపిస్తుంది, కానీ పాత రంగు కింద ఉన్న గుర్తులు, అంకెలు పోతాయి. ఊళ్ళలో కూడళ్ళలో దిమ్మె మీద పెట్టిన యుద్ధ విమానాలు చూస్తుంటాం. పేరు రాసిన బోర్డు ఉండదు, అది ఎక్కడ పనిచేసిందో ఉండదు. దానికంటే చిన్న విమానమైనా పైకప్పు కింద పెట్టి, పక్కన చెప్పే మనిషిని ఒకరిని కూర్చోబెడితే ఎంతో మేలు.

నా కోరిక ఒకటి రాస్తాను. తిరుపతికి రోజూ 60 వేలు, 70 వేల మంది వస్తారు. దర్శనానికి టైమ్ స్లాట్ దొరికాక గంటల కొద్దీ ఖాళీ ఉంటుంది. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. గాదంకి పక్కనే. అరక్కోణం రెండు గంటల దూరం లేదు. రాకెట్, గాలి, విమానం ఈ మూడూ చేతికందే దూరంలో ఉన్న ఊరు దేశంలో ఇంకెక్కడుంది? సేవ ముగిసిన విమానం ఒక్కటి ఇక్కడ పైకప్పు కింద పెట్టి, పక్కన గాలి వదిలే గొట్టం ముందు పిల్లలు చెయ్యి పెట్టి వంచి చూసుకునే ఏర్పాటు చేస్తే చాలు. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు అది విమానం ఎక్కినంత పండగ. నాయన స్కూటర్ మీద చూపించినదాన్ని అక్కడ వేలమంది తమ చేత్తో తెలుసుకుంటారు.

అది ఎప్పుడు జరుగుతుందో గానీ, మన చేతిలో ఉన్న పని ఒకటి ఉంది. పుత్తూరాయనతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. మొన్న పంకా రెక్కల గురించి చెప్పారు. ప్రతి రోజూ ఎగిరే ముందు రెక్క అంచును బొటనవేలితో మొదలు నుంచి కొస దాకా తడిమి చూసేవాళ్ళట. కంటికి ఆనని గాటు కూడా వేలికి తగులుతుందట. చిన్న గాటును వదిలేస్తే ఆ వేగంలో అదే పగులవుతుంది. “బొటనవేలి మీద చర్మం మొద్దుబారితే పని చెడుతుందని ఇంట్లో కత్తిపీట పని కూడా చేసేవాణ్ణి కాదు” అన్నారు. ఇది ఏ మ్యూజియం బోర్డు మీదా లేదు. ఆయన అనుమతితో ఇవన్నీ ఫోన్లో రికార్డు చేస్తున్నాను. వచ్చే ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను; ట్రంకు పెట్టెలో పాత ఫొటోలు, నోటు పుస్తకాలు ఉన్నాయన్నారు. స్కాన్ చేసి ఒక కాపీ విశాఖ మ్యూజియానికి పంపాలని ఇద్దరం అనుకున్నాం. మామ కూడా వస్తానన్నాడు.

నగరి, తిరుత్తణి, పుత్తూరు, అరక్కోణం వైపు ఆ విమానాల మీద పనిచేసినవాళ్ళు, ఆ స్థావరంలో వంట చేసినవాళ్ళు, రన్‌వే ఊడ్చినవాళ్ళు, కంచె బయట పొలాల్లో నిలబడి చూసినవాళ్ళు ఎవరైనా మీ ఇళ్ళలో ఉంటే దయచేసి ఈ సెలవుల్లో వాళ్ళ పక్కన కూర్చోండి. మీరు రోజూ ఏం చేసేవారు, ఉదయం మొదటి పని ఏమిటి, ఏ పనికి ఎక్కువ టెన్షన్ పడేవారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టే వాళ్ళ మాటల్లో రికార్డు చేసుకోండి. ఫొటోలుంటే వెనక పక్క ఏడాది, ఊరు, అందులో ఉన్నవాళ్ళ పేర్లు పెన్సిల్‌తో రాయించండి. పెన్నయితే ఇంకు ముందుకు దిగుతుంది.